‘దొరకలేదు’ అంటే ‘లేదు’ అని కాదు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్ల గురించి పిల్లలకు పనికొచ్చేలా నాలుగు మాటలు చెప్పమని కమిటీ వాళ్లు అడిగారు. పెద్ద విషయాలు చెప్పడానికి పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఒక చిన్న మరమ్మతు గురించి చెబుతాను. ఈ సభకు ముందు నాలుగు రోజులు మన బడి కంప్యూటర్ గదిలో కూర్చుని చేసిన మరమ్మతు అది. అందులో నేను చేసిన తప్పులు కూడా చెబుతాను. ఎందుకంటే పిల్లలకు పనికొచ్చేవి అవే.

సంచికలో మొదటి బ్యాచ్ నుంచి అందరి పేర్లూ వేయాలని కమిటీ అనుకున్న సంగతి మీకు తెలుసు. బీరువా తెరిచి అడ్మిషన్ రిజిస్టర్లు తీస్తే రెండు పుస్తకాలకు చెదలు పట్టి ఉంది. పట్టుకుంటే చేతిలోనే పొడి అయిపోయే పేజీలు. అయితే రజతోత్సవం నాడు, అంటే ఇరవై అయిదేళ్ల కింద, మన సీనియర్ అన్న ఒకాయన ఆ రిజిస్టర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి ఒక సీడీ చేసి ఇచ్చాడు. ఆ సీడీ అదే బీరువాలో, పై అరలో, అట్టపెట్టెలో భద్రంగా ఉంది. చెదలు సీడీని తినలేదు.

సీడీ దొరికిందని అందరం సంబరపడ్డాం. ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. గుంతకల్లులో ఒక ఫోటో స్టూడియోలో ఇంకా సీడీ డ్రైవ్ ఉంటే అక్కడ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకొచ్చాం. అందులో ఉన్నవి మూడే ఫైళ్లు. ఒకటి రికార్డ్.ఈఎక్స్‌ఈ, అది అసలు ప్రోగ్రాం. రెండోది ప్రింట్.డీఎల్‌ఎల్, అది ఆయనే రాసుకున్న సహాయక ఫైలు. మూడోది పేర్లన్నీ ఉన్న డేటా ఫైలు. ఆ డేటా ఫైలును నేరుగా తెరిస్తే పిచ్చి గీతలు తప్ప ఏమీ కనబడవు. దాన్ని చదవగలిగింది ఆ ప్రోగ్రాం ఒక్కటే. అన్నకు ఫోన్ చేశాం. ఆయన నవ్వి, “ఆ కోడు నా దగ్గర కూడా లేదప్పా, విజువల్ సీ++ 6లో రాసినట్టు గుర్తు” అన్నాడు. ఆ ఒక్క మాట తర్వాత మాకు చాలా పనికొచ్చింది.

సంచికలో పేర్లు వేయడం ఒక్కటే అయితే ఇంత పట్టుదల అవసరం లేదు. రిజిస్టరులో ఒక నమోదు కోసం ఒకామె అప్పటికే రెండుసార్లు బడికి వచ్చి వెళ్లింది. ఆధార్ కార్డులో ఆమె పుట్టిన సంవత్సరం తప్పు పడింది. సరిచేయించుకోవడానికి బడి కాగితం కోసం వచ్చింది. ఆమె ఏడో తరగతి మధ్యలో ఇంట్లోవాళ్లతో సుగ్గికి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయింది. మళ్లీ బడికి రాలేదు. మన ప్రాంతంలో ఇది ఒక్కరి కథ కాదని ఇక్కడున్న సార్లందరికీ తెలుసు. ఆమె పేరున్న పేజీ చెదలు తిన్న పేజీల్లో ఉంది. “రిజిస్టరులో లేదమ్మా” అని చెప్పి పంపాల్సి వచ్చింది. అంటే ఆ సీడీ తెరుచుకోవాల్సిన అవసరం మా సంచిక కంటే ఆమెకే ఎక్కువ.

మన ల్యాబ్‌లో ఉన్న కంప్యూటర్లు పాతవి. వాటిలో లినక్స్ వేసుకున్నారు. సీడీలోని ప్రోగ్రాం విండోస్‌కు రాసింది. ఆఫీసు గదిలో విండోస్ కంప్యూటర్ ఉంది కదా, అందులో నొక్కితే సరిపోయేది కదా అని మీరు అడగవచ్చు. బహుశా తెరుచుకునేది కూడా. కానీ ఎక్కడిదో పాత ప్రోగ్రాంను ఆఫీసు పనులు జరిగే కంప్యూటర్లో నడపనని హెడ్‌మాస్టరు గారు అన్నారు. అది సరైన మాటే. పైగా ఇది ఒక్కరోజు తెరిచి మూసే పని కాదు. రేపు ఏ సారుకైనా, ఏ పిల్లవాడికైనా ల్యాబ్‌లోనే తెరుచుకోవాలి.

లినక్స్ మీద విండోస్ ప్రోగ్రాం నడిపించడానికి వైన్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. 1993లో మొదలైంది, ఉచితం. దాని పేరుకు వాళ్లు చెప్పే అర్థమే ‘వైన్ ఎమ్యులేటర్ కాదు’ అని. ఎమ్యులేటర్ అంటే ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను మొత్తం నటింపజేసేది. వైన్ అంత పని చేయదు. అది దుబాసీ. ఆదోని పత్తి మార్కెట్లో రైతు తెలుగులో అడిగింది అవతలి వ్యాపారికి హిందీలోనో కన్నడంలోనో చెప్పి బేరం కుదిర్చే మనిషి ఉంటాడే, అలాంటిది. ప్రోగ్రాం విండోస్ భాషలో “ఈ ఫైలు తెరువు” అంటే వైన్ దాన్ని లినక్స్ భాషలో చెప్పి పని చేయిస్తుంది. ఇలాంటి దుబాసీలు ఇంకా ఉన్నాయి. విండోస్‌లో లినక్స్ ప్రోగ్రాంలు నడిపే ఏర్పాటును మైక్రోసాఫ్ట్ 2016లో తెచ్చింది. ఫ్రీబీఎస్‌డీ అనే వ్యవస్థలో కూడా లినక్స్ ప్రోగ్రాంలు నడుస్తాయి. దుబాసీ ఎవరైనా జబ్బు మాత్రం ఒకటే వస్తుంది. దాని పేరు షేర్డ్ లైబ్రరీ దొరకకపోవడం.

షేర్డ్ లైబ్రరీ అంటే ఏమిటో మన బడి నుంచే చెబుతాను. మన తెలుగు సారు దగ్గర శబ్దరత్నాకరం ఉండేది, గుర్తుందా? ప్రతి పిల్లవాడి సంచిలో ఒక నిఘంటువు లేదు. ఆ లావు పుస్తకం ఒక్కొక్కరికి కొనిపెట్టే స్తోమత ఎవరికుంది? స్టాఫ్ రూంలో ఒకటి ఉంటే అన్ని తరగతులూ వాడుకున్నాం. పాఠంలో ‘అర్థం నిఘంటువు చూడుము’ అని ఉంటే చాలు, అర్థం పాఠంలో ఉండనక్కర లేదు. ప్రోగ్రాంలు కూడా అంతే. కిటికీ గీయడం, అక్షరాలు చూపడం, లెక్కలు కట్టడం వంటి అందరికీ కావలసిన పనులను వేరే ఫైళ్లలో పెట్టి, అన్ని ప్రోగ్రాంలూ వాటినే వాడుకుంటాయి. విండోస్‌లో వాటి పేరు చివర డీఎల్‌ఎల్ అని ఉంటుంది. లినక్స్‌లో ఎస్‌ఓ అని ఉంటుంది. దీనివల్ల డిస్కులో చోటు, మెమరీ ఆదా అవుతాయి. లైబ్రరీలో ఒక తప్పు దిద్దితే దాన్ని వాడే ప్రోగ్రాంలన్నీ బాగుపడతాయి. నష్టం ఒకటే. స్టాఫ్ రూంలో పుస్తకం లేని రోజు పాఠం ఆగిపోతుంది.

మా పాఠం మూడు చోట్ల ఆగింది. వరుసగా చెబుతాను.

మొదటిది. ఉబుంటులో వైన్ వేసి ప్రోగ్రాంను నొక్కగానే ‘వైన్32 లేనట్టుంది, వేసుకోండి’ అని వచ్చింది. వైన్ వేసి అయిదు నిమిషాలు కాలేదు, లేదంటుందేమిటి అనుకున్నాను. ఇక్కడ మన పెద్దవాళ్లకు బాగా తెలిసిన పోలిక చెబుతాను. 1990ల దాకా మద్దికెర మీదుగా పోయే లైను మీటర్‌గేజి. గుంతకల్లులో రెండు గేజీలూ ఉండేవి. బ్రాడ్‌గేజి పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు, మీటర్‌గేజికి పేరులోనే ఉంది, 1,000 మిల్లీమీటర్లు. గుంతకల్లు దాకా ఒక బండిలో వచ్చిన సరుకును అక్కడ దించి ఇంకో బండిలోకి ఎక్కించేవాళ్లు. బండి మంచిదే, పట్టాలు మంచివే, కానీ ఈ బండి ఆ పట్టాల మీద పోదు. కంప్యూటర్లో 32 బిట్, 64 బిట్ అనేది కూడా ఇలాంటి గేజి తేడానే. ఇరవై అయిదేళ్ల కిందటి ప్రోగ్రాం 32 బిట్. ఇప్పుడు వేసిన లినక్స్, దానితో వచ్చిన వైన్ 64 బిట్. 32 బిట్ ప్రోగ్రాం ఒక్కటే వస్తే చాలదు. దానికి కావలసిన లైబ్రరీలన్నీ 32 బిట్‌వే అయి ఉండాలి. కాబట్టి ముందు ‘ఈ కంప్యూటర్లో 32 బిట్ ప్యాకేజీలను కూడా ఒప్పుకో’ అని డీపీకేజీకి చెప్పి, జాబితాను తాజా చేసి, తర్వాత వైన్32 వేశాం. ఒక ఫైలు ఏ గేజిదో తెలుసుకోవడం చాలా తేలిక. లినక్స్‌లో ‘ఫైల్’ అనే ఆదేశం ఇచ్చి పక్కన ఫైలు పేరు రాస్తే అదే చెబుతుంది. ఆ పని నేను మొదటే చేసి ఉంటే ఒక పూట మిగిలేది.

రెండోది. ఈసారి దుబాసీ పని మొదలుపెట్టింది, కానీ ప్రోగ్రాం తెర మీదికి రాకుండానే మూడు వరుసల ఎర్రర్ పడింది. వాటి సారాంశం ఇది.

మొదటి వరుస: ప్రింట్.డీఎల్‌ఎల్‌కు కావలసిన ఎంఎఫ్‌సీ42.డీఎల్‌ఎల్ దొరకలేదు.

రెండో వరుస: రికార్డ్.ఈఎక్స్‌ఈకి కావలసిన ప్రింట్.డీఎల్‌ఎల్ దొరకలేదు.

మూడో వరుస: రికార్డ్.ఈఎక్స్‌ఈకి డీఎల్‌ఎల్‌లు తెచ్చుకోవడం విఫలమైంది, స్థితి సి0000135.

నాతోపాటు కూర్చున్న పదో తరగతి పిల్లలు ఇద్దరూ ఒకేసారి, “సార్, ప్రింట్ ఫైలు ఇక్కడే ఉంది కదా!” అన్నారు. నిజమే. అదే ఫోల్డరులో కళ్ల ముందే ఉంది. అయినా దొరకలేదంటుంది. చివరి వరుసలు మాత్రమే చూసినవాడు అక్కడే చిక్కుకుపోతాడు. ఆ ఫైలును మళ్లీ కాపీ చేస్తాడు, సీడీ పాడైందంటాడు, చివరికి కంప్యూటర్‌ను తిడతాడు. అసలు సంగతి మొదటి వరుసలో ఉంది. ప్రింట్.డీఎల్‌ఎల్ ఉంది, కానీ అది నడవడానికి ఇంకొకటి కావాలి. అది లేక ఇది లేవలేదు. ఇది లేవక ప్రోగ్రాం లేవలేదు. కొడుకు ఫీజు కట్టలేదంటే అప్పు ఇస్తానన్న మామకు ఉల్లిగడ్డల డబ్బు ఇంకా రాలేదన్నట్టు, కారణం రెండు మెట్ల అవతల ఉంది. అందుకే పిల్లలకు మొదటి సూత్రంగా ఇది చెప్పాను. ఎర్రర్ వస్తే కిటికీ మూసేయవద్దు. పైనుంచి చదవండి. ‘ఏది దొరకలేదు’ అన్నదొక్కటే కాదు, ‘ఎవరికి కావాలి’ అన్నది కూడా చదవండి.

సి0000135 అన్న సంఖ్య కూడా ఊరికే పడలేదు. కావలసిన డీఎల్‌ఎల్ దొరకలేదని దానికి అర్థం. దానికి చుట్టం ఇంకొకటి ఉంది, సి000007బి. విండోస్ కంప్యూటర్లలో మీలో కొందరు చూసే ఉంటారు. ఫైలు దొరికింది కానీ దాని రూపం సరిపోలేదని అది చెబుతుంది. చాలాసార్లు గేజి తేడా వల్లనే వస్తుంది. ఒక సంఖ్య ‘లేదు’ అంటుంది, ఇంకొకటి ‘సరిపోదు’ అంటుంది. రెండింటికీ మందు వేరు.

ఎంఎఫ్‌సీ42 అన్న పేరు చూడగానే అన్న ఫోన్లో చెప్పిన మాట గుర్తొచ్చింది. విజువల్ సీ++ 6లో రాసిన ప్రోగ్రాంలు చాలావాటికి కావలసిన మైక్రోసాఫ్ట్ లైబ్రరీ అది. ఆయన కంప్యూటర్లో అది ముందే ఉంది. అందుకే సీడీలో పెట్టాలని ఆయనకు తోచలేదు. ఆయన తప్పేమీ లేదు. తన ఇంట్లో ఉన్న ఉప్పు పక్కింట్లో ఉండదని ఎవరనుకుంటారు? ప్రోగ్రాంలు రాసే పిల్లలు మాత్రం దీన్ని గుర్తుపెట్టుకోవాలి. ‘నా కంప్యూటర్లో నడిచింది’ అంటే పని సగమే అయినట్టు. మీ ప్రోగ్రాంకు ఏమేం కావాలో ఒక కాగితం మీద రాసి దానితోపాటు పెట్టండి. ఇరవై అయిదేళ్ల తర్వాత దాన్ని తెరిచేవాడు మీకు దండం పెడతాడు.

మూడోది నా తప్పు. ఒక మిత్రుడి దుకాణంలో ఇంకా నడుస్తున్న పాత ఎక్స్‌పీ కంప్యూటర్ ఉంటే దానిలోంచి ఎంఎఫ్‌సీ42 తెచ్చుకున్నాను. వైన్ తనకోసం ఒక ఉత్తుత్తి సి డ్రైవ్ కట్టుకుంటుంది. దానిలో విండోస్ ఫోల్డరు, దాని లోపల సిస్టం32 అనే ఫోల్డరు ఉన్నాయి. మనది 32 బిట్ ఫైలు, ఆ ఫోల్డరు పేరు చివర 32 ఉంది. ఇంకేం ఆలోచిస్తాం? అందులో పెట్టేశాను. మళ్లీ నడిపాను. అవే మూడు వరుసలు. అక్షరం తేడా లేదు.

ఫైలు ఉంది. పేరు సరిగ్గా ఉంది. గేజి సరిగ్గా ఉంది. అయినా దొరకలేదట. ఆ సాయంత్రం ల్యాబ్‌కు తాళం వేసి ఇంటికి పోయాను. రాత్రి నిద్ర పట్టక చదువుతుంటే తెలిసింది. 64 బిట్ విండోస్‌లో సిస్టం32 అనే ఫోల్డరులో ఉండేవి 64 బిట్ ఫైళ్లు. 32 బిట్ ఫైళ్లు ఉండేది సిస్‌వౌ64 అనే ఫోల్డరులో. పేర్లు తారుమారు అయినట్టు ఉన్నాయి కదా? పాత ప్రోగ్రాంలు సిస్టం32 అన్న పేరుకు అలవాటుపడ్డాయని ఆ పేరును కొత్త ఇంటికి ఉంచేశారు. 32 బిట్ ప్రోగ్రాం వచ్చి ‘సిస్టం32లో చూడు’ అంటే, లోపలున్నవాడు మాట్లాడకుండా దాన్ని సిస్‌వౌ64 వైపు నడిపిస్తాడు. వైన్ కూడా అదే పద్ధతి పాటిస్తుంది. అంటే నేను ఫైలు పెట్టిన గదిలోకి ఆ ప్రోగ్రాం అడుగే పెట్టలేదు. అది వెతికిన గదిలో నేను ఏమీ పెట్టలేదు. ఇద్దరం నిజమే చెబుతున్నాం. నేను ‘ఉంది’ అంటున్నాను, అది ‘దొరకలేదు’ అంటోంది.

పొద్దున వచ్చి, నేను తెచ్చిన కాపీని తీసేశాను. వైన్‌ట్రిక్స్ అనే సహాయక స్క్రిప్టు ఉంది. ‘ఎంఎఫ్‌సీ42 కావాలి’ అని చెబితే మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన రన్‌టైమ్ ప్యాకేజీ నుంచి ఆ ఫైలును తీసి పెట్టాల్సిన చోట తానే పెడుతుంది. ప్రోగ్రాం పక్కనే ఆ ఫైలు పెట్టినా సరిపోయేది, ఎందుకంటే విండోస్ పద్ధతిలో ప్రోగ్రాం ముందు తన సొంత ఫోల్డరులోనే వెతుక్కుంటుంది. ఏదైనా ఒకటే. ముఖ్యమైనది, అది ఎక్కడ వెతుకుతుందో తెలుసుకుని అక్కడ పెట్టడం. వైన్‌కు ‘లోడ్ డీఎల్‌ఎల్’ అనే పరిశీలన వరుస పెట్టి నడిపితే ఏ లైబ్రరీ ఏ చోటునుంచి వచ్చిందో ఒక్కొక్కటిగా చెబుతుంది. లినక్స్ ప్రోగ్రాంలకైతే ‘ఎల్‌డీడీ’ అనే ఆదేశం ఉంది. కావలసిన లైబ్రరీల జాబితా ఇచ్చి, దొరకనివాటి పక్కన దొరకలేదని రాస్తుంది. నమ్మకం లేని ప్రోగ్రాం మీద మాత్రం ఎల్‌డీడీ వాడకండి, కొన్ని సందర్భాల్లో అది ఆ ప్రోగ్రాంనే నడిపించే ప్రమాదం ఉంది.

ఇక్కడ పిల్లలకు రెండు హెచ్చరికలు. ఇలాంటి ఎర్రర్ రాగానే ఆ డీఎల్‌ఎల్ పేరు కొట్టి, ఎక్కడ కనిపిస్తే అక్కడ దింపుకోవద్దు. పేరు అదే ఉంటుంది, లోపల ఏముందో ఎవరికి తెలుసు? ఫైలు చేసినవాళ్ల దగ్గరి నుంచో, మీ లినక్స్ ప్యాకేజీల నుంచో తెచ్చుకోండి.

రెండోది, పేరు మార్చి పెట్టే విద్య. లినక్స్‌లో లైబ్రరీ పేరు చివర ఎస్‌ఓ.1, ఎస్‌ఓ.2 అని వెర్షన్ సంఖ్య ఉంటుంది. ప్రోగ్రాం 1 అడుగుతుంది, మన దగ్గర 2 ఉంటుంది. దానికే 1 అని పేరు తగిలిస్తే సరి అనిపిస్తుంది. మా క్లాసులో ఒకడు రానిరోజు ఇంకొకడు గొంతు మార్చి “ప్రెజెంట్ సార్” అనేవాడు. హాజరు పడిపోయేది. మన లెక్కల సారు ఆ పేరు పిలిచి బోర్డు దగ్గరికి రమ్మన్న రోజు ఇద్దరికీ దెబ్బలు పడ్డాయి. లైబ్రరీ విషయంలోనూ అంతే. పేరు చూసి లోపలికి రానిస్తుంది. తర్వాత ఫలానా పని చేయమని పిలిస్తే ఆ పని అందులో ఉండదు. అప్పుడు ‘అన్‌డిఫైన్డ్ సింబల్’ అనే ఎర్రర్ వస్తుంది. ఒక్కోసారి ఎర్రర్ కూడా రాదు, లెక్క తప్పు వస్తుంది. అది మరీ ప్రమాదం.

సరే, ప్రోగ్రాం తెరుచుకుంది. బూడిద రంగు కిటికీ, పైన మన బడి పేరు, కింద ‘వెతుకు’ అనే మీట. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను ముందుగా ఆమె పేరు కొట్టాను.

‘నో రికార్డ్’ అని వచ్చింది.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. నాలుగు రోజుల పని ఆ రెండు మాటల దగ్గర ఆగింది. అప్పుడు పిల్లల్లో ఒకమ్మాయి, “సార్, ఇదీ అట్లాంటిదేనేమో సార్” అంది. ఎట్లాంటిదమ్మా అన్నాను. “ఉందేమో, మనం వేరే చోట వెతుకుతున్నామేమో” అంది.

ఆ రోజుల్లో పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు. ఆమె పేరులో లక్ష్మి ఉంది. మేము కే, ఎస్, హెచ్ వేసి వెతికాం. ఎక్కించిన అన్న ఎక్స్ వేశాడేమో అని అలా కొట్టాం. పదిహేను పేర్లు వచ్చాయి. ఇంటిపేరుతో చూస్తే ఏదీ కలవలేదు. ఆమె మనకు చెప్పింది అత్తగారి ఇంటిపేరు. బడిలో చేరినప్పుడు ఉన్నది పుట్టింటి ఇంటిపేరు. చివరికి తండ్రి పేరుతో, ఊరి పేరుతో చూశాం. వచ్చింది. ఆరో తరగతిలో చేరిన తేదీ, పుట్టిన తేదీ, అడ్మిషన్ నంబరు, అన్నీ ఉన్నాయి.

కంప్యూటర్ తెర చూపిస్తే ఏ ఆఫీసూ ఒప్పుకోదని మాకు తెలుసు. కానీ అడ్మిషన్ నంబరు దొరికింది కదా. ప్రాథమిక పాఠశాల నుంచి ఆరో తరగతిలో చేరేటప్పుడు తెచ్చిన రికార్డు షీట్లను అడ్మిషన్ నంబరు వరుసలో కట్టలు కట్టి పెట్టడం మన ఆఫీసు అలవాటు. ఆ కట్టలు వేరే గదిలో ఇనప పెట్టెలో ఉన్నాయి. చెదలు అక్కడికి పోలేదు. ఇన్నాళ్లూ ఎవరూ అటు చూడలేదు, ఎందుకంటే నంబరు లేకుండా అన్ని కట్టల్లో ఏది విప్పుతారు? అటెండరు గారు ఒక గంటలో తీసి ఇచ్చారు. సిరా కొంచెం అలుక్కుపోయింది, పుట్టిన తేదీ మాత్రం స్పష్టంగా ఉంది. దాన్నిబట్టి హెడ్‌మాస్టరు గారు కాగితం రాసిచ్చారు. ఆధార్ సంగతి ఇంకా తేలాల్సి ఉంది. కానీ “రిజిస్టరులో లేదమ్మా” అన్న మాటను మాత్రం మేము వెనక్కి తీసుకున్నాం. ఆమె ఈరోజు సభకు వచ్చింది. పేరు చెప్పవద్దంది, చెప్పను.

ల్యాబ్ గోడకు ఇప్పుడు ఒక కాగితం అతికించి ఉంది. ఆ పిల్లలే రాశారు. ‘దొరకలేదు అని వస్తే అడగవలసిన ప్రశ్నలు: ఏది దొరకలేదు, పూర్తి పేరు ఏమిటి? ఎవరికి కావాలి? ఎక్కడెక్కడ వెతికారు? దొరికినది సరైన రకమేనా?’ ప్రోగ్రాంను, దానికి కావలసిన లైబ్రరీని, వేసే పద్ధతిని ఒకే ఫోల్డరులో పెట్టి మూడు కంప్యూటర్లలో ఉంచాం. డేటాను కొత్త ప్రోగ్రాంలు కూడా చదవగలిగేలా మామూలు పట్టికగా మార్చి, అచ్చు కూడా తీశాం. ఇంకో ఇరవై అయిదేళ్లకు వైన్ ఉంటుందో ఉండదో, పట్టికను మాత్రం ఎవరైనా చదవగలరు.

చివరగా ఒక్క మాట చెప్పి దిగుతాను. మీ చేతుల్లో ఉన్న సంచికలో వెనక పేజీల్లో పూర్వ విద్యార్థుల జాబితా ఉంది. కొన్ని పేర్ల పక్కన ‘ఆచూకీ లేదు’ అని రాసి ఉంది. రాసినవాళ్లలో నేనూ ఒకడిని. ఆ మాట రాసేటప్పుడు మేము వెతికింది ఎక్కడో చెబుతాను. మా వాట్సాప్ గ్రూపుల్లో, గుంతకల్లు, ఆదోని, కర్నూలు, బెంగుళూరుల్లో మాకు తెలిసిన ఇళ్లలో. అంతే. అక్కడ ఉన్నవాళ్లు అక్కడ దొరికారు. ఏడో తరగతిలో సుగ్గికి పోయి రానివాళ్లు, పెళ్లయి ఇంటిపేరు మారినవాళ్లు, రిజిస్టరులో ఒక పేరు, ఊళ్లో ఇంకో పేరు ఉన్నవాళ్లు ఆ గ్రూపుల్లో ఉండరు. వాళ్లు లేరని కాదు. మేము ఆ గదిలోకి పోలేదు.

జాబితా ఇంటికి తీసుకుపోయి ఒకసారి చదవండి. మీ బెంచీలో కూర్చున్నవాళ్ల పేరు పక్కన ఆ మాట కనిపిస్తే, వాళ్ల నాన్న పేరుతో, ఊరి పేరుతో, చిన్నప్పుడు పిలుచుకున్న పేరుతో విచారించండి. దొరికితే బడి ఆఫీసులో చెప్పండి. దసరాకు గుర్రాల పరుగు చూడటానికి మీరంతా ఎలాగూ ఊరికి వస్తారు. ఆ రోజు ల్యాబ్ తెరిచే ఉంటుంది, ఆ ప్రోగ్రాంలో పేర్లు వెతికి చూసుకోవచ్చు. ‘ఆచూకీ లేదు’ అన్న చోట చిరునామాలు వేసిన కొత్త జాబితా అప్పటికి సిద్ధం చేద్దాం.